అవతలి కొస

సారెమా దీవిలో మార్చి నెల.
సముద్రం ఇంకా సగం గడ్డకట్టే ఉంది.
పడవల షెడ్డులో ఆవిరిపెట్టె బుసకొడుతోంది,
లోపల ఓక్ పలక ఉడుకుతోంది.
మెతుకు పట్టి చూసే వంట కాదిది.
బయటికి తీశాక ముప్పై సెకన్లు, అంతే.
ఆ లోపే పడవ పక్కటెముకల మీదికి ఒదగాలి.
తర్వాత బతిమాలినా వంగదు.

ఒక కొస ఎండెల్ పడతాడు.
రెండో కొస ముప్పైనాలుగేళ్లు కార్లి పట్టాడు.
కార్లికిప్పుడు తేనెటీగల పిచ్చి పట్టింది,
అవతలి ఒడ్డున పెట్టెలు చేసుకుంటున్నాడు.
ఆ కొసకి నేనొక ఇనుప చెయ్యి తెచ్చాను.

నా పేరు త్రీను.
చేతికి బుద్ధి చెప్పడం నా ఉద్యోగం,
తిట్టడం కాదు, నిజంగానే.

దానికి చాలా తెలుసు.
ఏ వంపు దగ్గర నార తెగుతుందో తెలుసు,
మనిషి వేలు ఎంత బరువుకి నలుగుతుందో తెలుసు.
రానిదల్లా ఒక్క మాట.

"నొహ్" అన్నాడు ఎండెల్ మొదటిరోజు.
చెయ్యి ఠక్కున ఆగిపోయింది.
లోకంలోని భాషలన్నీ మింగి వచ్చిన పిల్ల అది,
"నో" అనుకుంది, వద్దు అనుకుంది.
పలక గాల్లోనే చల్లారింది.
ఎండెల్ దాన్ని పొయ్యిలోకి విసిరాడు,
దాని వంక కాదు, నా వంక చూస్తూ.

ఆ రాత్రి నోటుపుస్తకంలో రాసుకున్నాను:
నొహ్ అంటే, కానీ.
మర్నాడు దాని కిందే:
నొహ్ అంటే, ఆగు, బూటు జారింది.
గురువారం: నొహ్ అంటే, ఏడ్చినట్టుంది.
శుక్రవారం: నొహ్ అంటే ఏమీ లేదు,
ఊపిరి వదిలాడు.

మీకెలా తెలిసేదని కార్లికి ఫోన్ చేశాను.
అవతల మేకు కొడుతున్న చప్పుడు ఆగింది.
"వాడి మాట నేనెప్పుడు విన్నానమ్మా," అన్నాడు,
"పలక చెబుతుంది గదా."

చెవులు తగ్గించి
మణికట్టు విప్పి కూచున్నాను.
మాట పుట్టకముందే భుజంలో ఒక తోపు పుడుతుంది,
అది కర్ర వెంట నడిచి
అవతలి కొసకి చేరుతుంది, ఉత్తరంలా.
ఆ ఉత్తరం చదవడం నేర్పాలి.
అతని బరువు ఎడమకాలి మీదుంటే వంచబోతున్నాడు.
కుడికాలి మీదుంటే ఆలోచిస్తున్నాడు,
ఆలోచించే మనిషిని లాగకు.
తెలియకపోతే గట్టిగా పట్టుకుని ఉండు.
తెలిసిందనిపిస్తే
ఇంకాస్త మెల్లగా ఉండు.
ఈ చివరిది రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది.

ఏప్రిల్. ఎడమవైపు ఆరో పలక.
"నొహ్," అన్నాడు. చెయ్యి కదల్లేదు.
"నొహ్! నొహ్!"
చెయ్యి వంచలేదు సరికదా
అరంగుళం వెనక్కి ఇచ్చింది.
నేను ఆపుచేసే బటన్ మీద వేలు పెట్టాను.
ఎండెల్ బూతులు తిడుతూ చుట్టూ తిరిగొచ్చాడు,
మూడో పక్కటెముక దగ్గర వంగి
గోటితో గీరాడు.
వెంట్రుకంత చీలిక,
అడుగున, అతనికి కనపడని వైపు.

చాలాసేపు అక్కడే నిలబడి
"నొహ్" అన్నాడు.
ఈ అర్థం నా జాబితాలో లేదు.

కొత్త పలక ఉడికింది, ఒదిగింది,
రాగి రివెట్లు పడ్డాయి.
దీపమార్పి ఇళ్లకు పోయాం.

పొద్దున తలుపు తీస్తే
చెయ్యి ఇంకా తన కొస పట్టుకునే ఉంది.
పని అయిపోయిందని
ఎవరూ చెప్పలేదు దానికి.
అన్నీ నేర్పిన నేను అదొక్కటి మరిచాను.
సిగ్గుతో లాప్‌టాప్ తెరవబోతుంటే
"కార్లి కూడా మొదట్లో ఇంతే," అన్నాడు ఎండెల్.
కాఫీ కప్పు బల్ల మీద పెట్టి
పలక మీద రెండుసార్లు తట్టాడు.

చెయ్యి వదిలింది.

నేను పుస్తకం తీసి
ఏం రాయాలో తెలియక
తేదీ వేశాను.